వదిన పేర్చిన వరస

నెలలో ఆరు పుస్తకాలా? ఆరూ ఆరు రకాలా? అబ్బో! కూర్చో అమ్మడూ, ఆ స్టూలు ఇలా లాక్కో. వెక్కిరించడం లేదే, నిజంగానే అంటున్నా. నువ్వలా వేళ్లు మడిచి చెప్తుంటే మా వదిన గుర్తొచ్చింది. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టేసరికే పోయింది. మూడో తరగతిలో బడి మానేసిన మనిషి, ఒక్క నెలలో ఎన్ని చదివిందో తెలుసా? నలభై మూడు! అదీ ముక్కలు ముక్కలుగా, ఎక్కడిది ఎక్కడో తెలీకుండా. ఆఁ, నోరు మూసుకో, ఈగ దూరుతుంది.

అప్పుడు నేను బైండింగ్ షాపులో కటింగ్ మిషన్ మీద ఉండేవాణ్ణి. వదిన కుట్టేది. కుట్టేవాళ్లు చదవరమ్మా. పేజీ అంకె చూస్తారు, మడత చూస్తారు, సూది దింపుతారు. అలాంటిది, ఆ ఏడాది వానలకి లైబ్రరీ కప్పు కారి పాత పుస్తకాలన్నీ నానిపోయాయి. కుట్లు కుళ్లిపోయి ఏ కాగితానికా కాగితం ఊడింది. అంకెలుండే అంచులు ముద్దైపోయాయి. గోనెసంచుల్లో వేసి మోసుకొచ్చారు. లైబ్రరీ ఆయన, పాపం, ఏడవడం ఒక్కటే తక్కువ. “పైవాళ్లు నెల గడువిచ్చారండీ. వరసలో పడ్డవి అల్మారాకి, పడనివి చిత్తుకాగితాల బండికి” అన్నాడు. మా ఓనరు, “అంకెల్లేకుండా ఏది ముందో ఏది వెనకో చదివితే తప్ప తెలీదు, ఎవరు చదువుతారండీ?” అన్నాడు. వదిన నోట్లో దారం తీసి, “నేను చదువుతాను” అంది. మేమందరం గొల్లుమన్నాం. నేనే ముందు నవ్వానే, అబద్ధం ఎందుకు.

షాపంతా తాళ్లు కట్టి కాగితాలు ఆరేశాం. వదిన కింద కూర్చుని పేజీలో చివరి మాట గట్టిగా చదివేది. “‘తలుపు తీసి చూద్దును కదా’... ఎవరి దగ్గరుంది దీని తర్వాతది?” జిగురు పూసేవాడు అటునుంచి, “నా దగ్గర ‘మూడు పూటలా గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించాలి’ అని ఉంది అక్కా!” “చాల్లే, తలుపు తీసింది హంతకుడి కోసంరా, పంటి నొప్పికి కాదు!” అలా సాగేది. మొదటి వారం కూడబలుక్కుని చదివింది. రెండో వారానికి వైద్యం పుస్తకాలు వచ్చాయి, ఓనరు నాలిక చాపించి మరీ చూసింది. డిటెక్టివులు చదివినన్నాళ్లూ ఇంట్లో నా జేబులు వెతికేది. ఓడల మీద తిరిగినాయన పుస్తకమైతే, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, “ఏమయ్యా, నెల్లాళ్లు ఎటు చూసినా నీళ్లేనట” అనేది.

కానీ అసలు వింత అది కాదు. మూడో వారానికి, కాగితం ఇస్తే నాలుగు వాక్యాలు చదివి ఏ పుస్తకానిదో చెప్పేసేది. “ఇది ఆ డాక్టరుది కాదయ్యా. ఆయన భయపెట్టి చెప్తాడు, ఈయన పక్కన కూర్చుని చెప్తాడు.” “ఈమె ఒక మాట రెండోసారి అనదు, చూడు.” ఎవరు నేర్పారు చెప్పు? ఆ రాసినవాళ్లందరూ మా షాపులోకొచ్చి పీటలేసుకు కూర్చున్నట్టుండేది.

చివరి రోజుకి నలభై రెండు అయ్యాయి. ఒక్కటి మిగిలింది, కవితలు. కాగితానికొకటి. కథ ఉందా, కార్యకారణం ఉందా? విషయసూచిక కూడా నానిపోయింది. చిత్తుకాగితాల బండి గుమ్మంలో నిలబడింది. లైబ్రరీ ఆయనే అన్నాడు, “దీన్ని వదిలెయ్యమ్మా, దీని వరస రాసినాయనకే తెలియాలి.” వదిన ఇవ్వలేదు. “ఒక్క గంట” అని కాగితాలన్నీ నేలమీద పరిచి, పైకే చదవడం మొదలుపెట్టింది. మిషన్ ఆపేశానమ్మా, ఎవరూ చెప్పకుండానే. బండివాడు లోపలికొచ్చి గోడకి చేరబడ్డాడు. ఒకటి తీసి అక్కడ పెట్టేది, మళ్లీ తీసి ఇక్కడ. గంటకి లేచి, కుట్టేసి, లైబ్రరీ ఆయన చేతిలో పెట్టింది. “ఇదే వరసని ఎలా తెలిసిందమ్మా?” అని ఆయనంటే, “తెలీదండీ. ఇలా అయితే చదవగలిగాను” అంది.

పదేళ్ల తర్వాత ఎవరో అట్ట ఊడిందని వాళ్లింట్లో పుస్తకం షాపుకి తెచ్చారు. చూస్తే అదే కవితల పుస్తకం, ఇంకో ప్రతి! అంకెలతో సహా. తిరగేశాను. వదిన వరసతో ఒక్కటీ కలవలేదే అమ్మడూ. రాసినాయన, తన పెళ్లాం పోయినప్పటి కవిత చిట్టచివర పెట్టాడు. వదిన పుస్తకంలో అదే మొట్టమొదటిది. పరుగున ఇంటికెళ్లి ఆయన వరసలో మొత్తం చదివి వినిపించాను. తప్పు పట్టాలని కాదు... ఏమో, కొంచెం అదీ ఉందేమో. కళ్లు మూసుకుని చివరిదాకా వింది. “బావుంది, ఆయన దుఃఖం ఆయనది” అంది. “మరి మీరెందుకు వదినా ముందు పెట్టారు?” అన్నాను. మా అన్నయ్య పోయి రెండేళ్లే, ఆ కప్పు కారిన ఏటికి. అంతవరకూ ఆ మాట నాకు తట్టనే లేదు చూడు.

“పోయాకే కదయ్యా, మిగతావన్నీ చూడాల్సొచ్చింది” అంది.

...

ఏది, ఆ ఆరు పుస్తకాలూ ఇలా పట్రా.