వెనకాలొచ్చే మంట

జాలారిపేట ఒడ్డున, బోర్లించిన పడవ నీడలో అప్పలసూరి, అతని భార్య చిలకమ్మ. కామరాజు వల కోసింది తానేనని అప్పలసూరి నిన్న పెద్దల ముందు ఒప్పేసుకున్నాడు. ఇంకాసేపట్లో వెళ్ళి, వాళ్ళు చెప్పమన్న మాట చెప్పాలి. చెప్పకపోతే నెల్లాళ్ళు వేటకు పోనివ్వరు.

“మళ్ళీ అను మావా. పశ్చాత్తాపం.”

“పచ్చా... పచ్చడి తాపం.”

“పచ్చడి కాదు, నీ మొకం! పెద్దలు నవ్వుతారు.”

“నవ్వనీ. అసలు దానర్థం ఏటే? తెలీని మాట నానెలా సెప్తాను?”

“మా సదువుల బడి పంతులమ్మ సెప్పింది. పశ్చాత్ అంటే తరవాత. తాపం అంటే మంట. తప్పు సేసేక వెనకాల వచ్చే మంట.”

“వెనకాలంటే ఏ పక్క?”

“ఎటకారాలా?”

“కాదే, ఒట్టు. నాకెక్కడా మండటం నేదు. సదువుకున్నోళ్ళకి మండుతాదేమో. మనోళ్ళేటంతారు?”

“మా అమ్మయితే గొంతులో సేప ముల్లు అంతాది. మింగలేం, కక్కలేం.”

“అన్నం సయించదా?”

“సయించదు.”

“నిద్దరో?”

“నిద్దరెక్కడిది... అంతారు మరి.”

“ఎవులంతారు?”

“పంతులమ్మ.”

“ఓహో. నాను రాత్రి రెండు కంచాలు లాగించి గుర్రెట్టేను. నువ్వేటే, పులుసు ముట్టనేదు?”

“ఒంట్లో బాగోనేదు. మాట మార్సకు. వల ఎందుకు కోసేవని పెద్దలడిగితే ఏటి సెప్తావ్?”

“నువ్వే సెప్పు, ఎందుకు కోసేనో.”

“కోపం. కామరాజు పెళ్ళాం నూకాలు, బజార్లో నా సోటులో గంప దించీసింది. పైగా నా సేపలు నిన్నటివని అందరి ముందూ అంది. ఒళ్ళు మండదా?”

“మండింది నీకు గదా. మరి నానెందుకు కోత్తాను?”

“అదే... నువ్వు... నా తరపున...”

“ఊఁ, నీ తరపున?”

“మావా.”

“ఏటి?”

“నువ్వు సెప్పకు. నానే వొచ్చి సెప్తాను. నూకాలు కాళ్ళైనా పట్టుకుంతాను.”

“నువ్వెందుకే?”

“కోసింది నాను మావా! నా కత్తిపీటతోనే కోసేను. పాపిష్టిదాన్ని, నువ్వు నెత్తినేసుకుంటే నోరు మూసుకున్నాను. అసలు నువ్వెందుకు ఒప్పుకున్నావ్?”

“నీ పచ్చగాజు ముక్క ఆ వల కన్నులో సిక్కుకుని ఉంటే, కామరాజు సూడకుండా తీసి మొలలో దోపీసేను. ఇదిగో. నీకెప్పుడు మండుతాదా అని నిన్నట్నించీ సూత్తన్నాను.”