మచ్చల గవ్వ రేటు

నమ్మవులే బావా. పందెం కట్టు. నమ్మేవంటే నా సైకిలు నీకే. మూడొందల గవ్వలతో ఒక మనిషిని సంపేసేను నాను.

రక్తం గిక్తం ఏటీ నేదు. ఆడు రోజూ కాలేజీకి వస్తన్నాడు. నా ఎనక బెంచీలోనే కూసుంటన్నాడు. అయినా సచ్చిపోయేడు.

ఆ నవ్వే బొమ్మలు పంపడం ఆపు ముందు. ఇను.

నువ్వు మధురవాడలో ఏసీ కాలేజీలో కూసుని మాది పిచ్చాట అంటావ్. అను, పరవానేదు. మా సెక్టారు సివర ఖాళీ క్వార్టర్లున్నాయి సూడు, సెలవులకొచ్చినప్పుడు నీ బాలు పోయింది, అక్కడ. ఆదివారం ఆదివారం ఇరవైమందిమి ఆడతాం. గదులే గ్రహాలు. నాన్న పాత హెల్మెట్‌కి సిల్వర్ పేపర్ సుట్టుకుంటే అంతరిక్షం మనిషి. తొమ్మిదికి ఈల ఊదితే ఆట మొదలు, మళ్ళీ అయిదుకి ఊదితే అయిపోయినట్టు. ఈ మధ్యలో మనం ఉక్కునగరంలో నేం. భూమి పోయింది, రెండు గ్రహాలు మిగిలేయి. ఒకటి ఇనప గ్రహం, రెండోది నీటి గ్రహం.

ఇనప గ్రహం డబ్బు వాషర్లు. నట్టుకింద ఏస్తారు కదా, అవే. నీటి గ్రహం డబ్బు గవ్వలు. అల్లాటప్పా గవ్వలు కాదెహె, మచ్చల గవ్వలు! ఆర్కే బీచ్‌లో బండిమీద ఒక్కోటి ఇరవై. నా సొంత డబ్బులెట్టి నూటయాభై కొన్నాను. అంత అరుదైనవి కదాని ఒక గవ్వకి పన్నెండు వాషర్లు రేటు పెట్టేను.

నాను పెట్టడమేటంటావా? బ్యాంకు నాదే బావా. ఒక అట్టపెట్టె, గోడమీద సుద్దతో రాసిన రేట్ల బోర్డు. రూలు కూడా నాదే. పెట్టెలో గవ్వలు రెట్టింపైతే రేటు సగం అయిపోద్ది. ఎకనామిక్స్ సారు ఇంటే లేచి దండం పెడతాడు.

అలాంటి బ్యాంకులోకి గోపిగాడొచ్చేడు.

గోపి ఎవడంటే, సముద్రం ఒడ్డున అప్పికొండ గుంటడు. మా క్లాసే. ఆళ్ళ నాన్న దాలయ్య పడవమీద ఏటకెల్తాడు. ఆళ్ళమ్మ గంగాలమ్మ మా సెక్టార్లో తట్టెట్టుకుని సేపలమ్ముద్ది, మా అమ్మ ఆవిడకాడే కొంటది. ఆటకి ఒకడు తక్కువయ్యేడని నానే పిలిచేను ఎదవని.

మొదటిరోజే గవ్వ సేతిలోకి తీసుకుని ఏటన్నాడో తెలుసా? "దీనికి పన్నెండేటిరా? ఇయి పీతల వలకి కుప్పలు కుప్పలు తగులుకుంటాయి. మా అమ్మ గీరి గీరి పారేత్తది. మా పేటలో పిల్లలు తొక్కుకుంటా ఎల్తారు."

ఇరవైమందీ ఇరగబడి నవ్వేరు బావా. ఆశ కూడా. ఆశ ఎవరో నీకు సెప్పక్కర్నేదు కదా. "బ్యాంకు మేనేజరుగారూ, మీ బంగారం సేపల కంపు కొడతందండీ" అన్నాది. నా సెవులు కాలిపోయేయి.

గోపిగాడు నా మొకం సూసేడు. సూసి జాలిపడ్డాడు! అది మరీ మండింది. "భయపడకురా ఉమా, మా ఇంటినించి ఒక్క గవ్వ తెచ్చినా మా అమ్మమీదొట్టు" అన్నాడు. అందరూ ఇంటండగా.

ఆ మాట అనకపోతే ఈపాటికి బతికుండేవాడు.

తేలేదు బావా. పన్నెండు ఆదివారాలు ఒక్కటంటే ఒక్కటి తేలేదు. ఆడే సంపాదించుకున్నాడు. థర్మకోల్‌తో నీటి గ్రహానికి ఓడ కట్టేడు. తాడు ముడులేసినందుకు గవ్వ, కాపలా కాసినందుకు గవ్వ. ఆకాశం సూసి "మూడింటికి వానొస్తది" అనీవాడు. వచ్చీసేది! దానిక్కూడా గవ్వలిచ్చేవాళ్ళు సన్నాసులు. సివరికి ముప్ఫై పోగేసేడు. పెట్టెలో వంద, ఆడి సేతిలో ముప్ఫై, మిగతా అందరిదగ్గరా కలిపి ఇరవై.

ఆఖరి ఆదివారం అంతరిక్ష నౌక బయల్దేరద్ది. కెప్టెన్ సీటు వేలం. మూడొందల వాషర్లనించి పాట. కెప్టెన్ అంటే ఊరికే కాదు బావా. ఈల ఆడి మెళ్ళోకెల్తది. వచ్చే ఆటకి కథ ఆడిది, రూల్సు ఆడివి, బ్యాంకు కూడా ఆడిదే. నాకాడ మూడొందల పది ఉన్నాయి. గోపిగాడివి ముప్ఫై పన్నెండ్లు మూడొందల అరవై.

నా బ్యాంకు. మూడేళ్ళనించి నడుపుతన్నాను. సేపలమ్మే ఆవిడ కొడుక్కిచ్చీమంటావా?

ఏటి, అలా అనకూడదా? సర్లే, నువ్వు పెద్ద గాంధీవి.

గురువారం గంగాలమ్మొచ్చింది. అమ్మ లోపల గిన్నె కడుగుతంది. నాను గేటుకాడకెల్లి "పిన్నీ" అన్నాను. జన్మలో మొదటిసారి. ఆవిడ మొకం ఇంతయింది. "పిన్నీ, మచ్చల గవ్వలు కావాల, ఓ మూడొందలు, డబ్బులిచ్చేత్తాను" అన్నాను. "గోపిగాడి నేస్తానివి, నీకాడ డబ్బులేటి బాబూ" అన్నాది. గోపికి సెప్పకు, ఆడు ఆశ్చర్యపోవాలన్నాను. నోటికి సెయ్యి అడ్డమెట్టుకుని సిన్నపిల్లలా నవ్వింది.

శనివారం తట్టలో సేపలకింద గుడ్డమూట. గీరి, ఉడకబెట్టి, కొబ్బరినూని రాసి తెచ్చింది బావా. తళతళ మెరుత్తన్నాయి. "మావోడు ఆడతన్నాడు కదా, బావుండాల" అన్నాది.

ఆదివారం పొద్దున్నే ఎవరూ రాకముందు పెట్టెలో పోసేసేను.

సాయంత్రం నాలుగింటికి పెట్టెలో గవ్వల లెక్క. లెక్కెట్టేది కుసుమకుమారి, దానికి ఏళ్ళమీద లెక్కెట్టడం తప్ప ఏటీ తెల్దు. నాలుగొందలు! వంద రెండొందలైతే రేటు ఆరు, నాలుగొందలైతే మూడు. నాను బోర్డు తుడిచి మూడు రాసేను. సుద్ద కిర్రుమన్నాది. గోపిగాడి మూడొందల అరవై తొంభై అయిపోయింది. మిగతావోళ్ళవి కూడా మునిగిపోయేయి. "ఎవడ్రా తెచ్చింది?" అని గోల. కొట్టేసేలాగున్నారు.

నాను ఆడిపేరు ఎత్తలేదు. ఒట్టు. ఒక్కటే అడిగేను. "గోపీ, ఇయి మీ పేటలో దొరుకుతాయి కదరా?"

"దొరుకుతాయి" అన్నాడు.

సాలు కదా! నేదు, తెల్దు అని ఎవడైనా అబద్ధమాడతాడు. ఈడు దొరుకుతాయన్నాడు.

"అమ్మమీదొట్టేసేవు కదరా, సిగ్గునేదా!" అన్నాది ఆశ. అదే ముందు అన్నాది, తర్వాత అందరూ పట్టుకున్నారు. ఆడు పెట్టెలోంచి ఒక గవ్వ తీసేడు. బొటనేలితో రుద్దేడు. ఏలు వాసన సూసుకున్నాడు.

కొబ్బరినూని.

నా కళ్ళలోకి సూసేడు బావా. నోరు తెరిసేడు. మళ్ళీ మూసేసేడు. ఎందుకంటే ఏటని సెప్తాడు? "మా అమ్మే ఇచ్చింది" అనాల. ఆ ఇరవైమందిలో ఆళ్ళమ్మ పేరు పడాల. ఆడు పడనివ్వడు. అది కూడా నాను ముందే లెక్కేసుకున్నాను. రేటు లెక్కేసినట్టే.

మా ఆటలో దొంగతనానికి ఒకటే శిక్ష. వరండా గ్రిల్లు తలుపు తీసి బయటికి తోసేత్తాం. బయట గాలుండదు, అంతరిక్షం కదా. తోసేసినోడు సచ్చినట్టు. ఆడు ఎదురుగా నిలబడినా ఎవడూ సూడకూడదు, అరిసినా ఇనకూడదు. ఈల ఊదినదాకా. మామూలుగా పావుగంటో, అరగంటో. అయిదైతే ఈల ఊదేత్తాం, అందరం కలిసి బజ్జీలకెల్తాం.

ఆడి హెల్మెట్ లాగేసుకుని తోసేరు. నాను మూడొందల పదికి పాట పాడేను. పోటీ ఎవడూ నేడు. సీటు నాది, ఈల నా మెళ్ళో పడింది.

అయిదైంది.

ఊదలేదు.

అందరూ నా మొకం సూత్తన్నారు. నాను సంచి సర్దుకుని ఇంటికొచ్చేసేను. ఈల ఊదకపోతే ఆట అయిపోనట్టు. రూలు రూలే. ఆట అయిపోకపోతే ఆడు సచ్చినోడే.

సోమవారం ఆడు క్లాసులో రికార్డు బుక్కు అడిగేడు. ఎవరూ తల తిప్పలేదు. మంగళవారం ల్యాబులో ఆడి జంటోడు ఎల్లి ఇంకో బల్లకాడ నిలబడ్డాడు. నిన్న కేంటీన్లో ఆడు పళ్ళెం పట్టుకుని కూసుంటే బెంచీ మొత్తం లేచిపోయింది. ఎవడికీ కోపం కూడా నేదు ఇప్పుడు. అలవాటైపోయింది. నవ్వుకుంటా సేత్తన్నారు. ఆశ ఒక్కర్తే నిన్న ఎనకాలొచ్చి "సాల్లేరా ఉమా, ఊదెయ్" అన్నాది. "కెప్టెన్ ఎవరు?" అన్నాను. ఎల్లిపోయింది. మళ్ళీ మాటాడలేదు నాతో.

ఏటి టైపు సేత్తన్నావ్ అంతసేపు? ఊదెయ్యమనా? నాకు తెల్దనుకున్నావా?

బావా, ఎవరికీ సెప్పకు.

ఆదివారంనించి ఈల నా మెళ్ళోనే ఉంది. స్నానానికి కూడా తియ్యలేదు. రెండుసార్లు నోట్లో పెట్టుకున్నాను, క్లాసులోనే. ఊపిరి కూడా పీల్చేను. ఊదితే ఏటౌద్దో తెలుసా? ఆడు బతుకుతాడు. బతికితే ఆడి మాట ఇనపడద్ది. ఏటి సెప్తాడో నాకు తెల్దు. ఏటీ సెప్పడేమో కూడా. అదింకా

ఆగు. అమ్మ పిలుస్తంది.

"ఒరే ఉమా, గంగాలమ్మొచ్చింది! నువ్వడిగేవంట కదా, ఇంకో సంచి గవ్వలు తెచ్చింది" అంటంది. ఛ, నానడగలేదు బావా. ఆవిడే తెచ్చేసింది.

ఆవిడ ఎనకాల గోపిగాడు, కిటికీలోంచి కనబడతన్నాడు. సంచి ఆడి భుజంమీదే ఉంది. నీళ్ళు కారతన్న సంచి. ఆవిడ నవ్వుతంది. ఆడు మా గేటు గడియ కేసి సూత్తన్నాడు.

మా అమ్మకి ఆట తెల్దు కదా. ఆడు కనబడతన్నాడు దానికి. "లోపలికి రా గోపీ, మంచినీళ్ళు తాగు" అంటంది.

మళ్ళీ పిలుస్తంది. ఎల్తన్నాను