మరిడమ్మ పొయ్యి

ఏంటి ప్రకాశం, బడి ఫీజు కాగితంలో ఊళ్లో పిల్లలకి అర్ధరూపాయి, బయటివాళ్ళకి రూపాయి అని మళ్ళీ రాశారా? ఏదీ, ఇంకోసారి చదువు. ఆఁ, అవే మాటలు. ముప్పయ్యేళ్ళ కిందట అదే బడిలో నీలాగే ఫీజు గుమాస్తాగా కూర్చుని ఆ ముక్క నేను కూడా రాశాన్రా. ఊళ్లోవాళ్ళు ఇంటిపన్ను కడతారు, ఆ డబ్బుతో బడి నడుస్తుంది, అందుకని వాళ్ళ పిల్లలకి సగం. వింటే న్యాయంగానే ఉంటుంది కదూ. నాకూ అలానే ఉండేది, మరిడమ్మ వచ్చేదాకా.

మరిడమ్మంటే నీకు తెలీదులే, నువ్వు పాలు తాగే రోజుల్లోనే పోయింది. ఎదురు లంకలో ఉండేది. మొగుడు గోదాట్లో పోయాడు, ఒక్కడే కొడుకు, పోతురాజని. రోజూ పడవ మీద ఇటొచ్చి మన చేపల బజార్లో గంప దించేది. వరదల్లో పులస తెచ్చేది చూడూ, మీ మామ్మ దాన్ని పొద్దున్నుంచీ సన్నసెగ మీద... సరే, ఆ సంగతి తర్వాత. కొడుకుని బళ్లో వేసింది. రూపాయన్నాను. "రూపాయేంటండి బాబుగారండి, అందరికీ అర్ధే కదండి?" అంది. నీది లంక, ఊరి హద్దులో లేదు, పన్ను కట్టవు అన్నాను. "కట్టకపోడం ఏంటండి. గంప దించినప్పుడల్లా మీ ఊరి మనిషి బజారు పన్నని ఓ కాని డబ్బు పుచ్చుకుంటున్నాడండి, పదేళ్ళయిందండి. పుచ్చుకునేటప్పుడు నాది ఏ ఊరని అడగలేదండి" అంది. హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళాను. ఆయన నశ్యం పీల్చుకుంటూ, "పొయ్యి ఎక్కడ వెలిగితే నివాసం అక్కడేనోయ్ అబ్రహామూ, ఆ మాట చెప్పి పంపించెయ్" అన్నారు. అలాగే చెప్పాను. పీడ వదిలిందనుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా బజారు వెనకాల పాక వేసేసిందిరా! లంకలో పొయ్యిరాళ్ళు మూడూ నెత్తిన పెట్టుకొచ్చింది. "వచ్చి చూసుకోండి" అంది. హెడ్మాస్టరు గారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని వెళ్ళి చూశారు, కుండ ఉడుకుతోంది. అర్ధరూపాయే కట్టించుకోమన్నారు. కానీ లంకలో వాళ్ళకో కట్టుబాటుందిట. లంకలో పొయ్యి వెలిగే ఇంటికే అందరూ కలిసి లాగే పెద్దవల చేపల్లో వాటా. మొగుడు పోయినా పెళ్ళానికి ఆ వాటా ఇస్తారు, పొయ్యి అక్కడుంటే. కులపెద్ద వచ్చి, "పొయ్యి ఆ ఒడ్డుకి పట్టుకుపోయేవు, ఇంకిక్కడ వాటా ఏంటమ్మా" అన్నాడు. ఈవిడ "పొయ్యి నాదండి, వాటా మా వోడి నాన్నది కదండి, అదెలా పోద్దండి" అని అడిగిందిట. వాటా పోయింది. అప్పట్నుంచీ ఒకళ్ళ చేపలు కొని అమ్ముకోడమే. చూడు మరి, ఈ ఒడ్డు రూలూ ఆ ఒడ్డు రూలూ ఒకటే, ఆ మనిషి మాత్రం పొయ్యి ఎటు పెట్టినా రెండో ఒడ్డున నష్టపోయింది. ఎందుకలా అవుతుందో నాకిప్పటికీ అంతు పట్టదు.

పిల్లాడు ప్యాసయ్యాడులే, కాకినాడ రేవులో గుమాస్తా అయ్యాడు. అది కాదు నేను చెప్పేది. ఆ ఏడే మా అక్క కొడుకు లాజరు మొగల్తూరు నుంచి వచ్చి మనింట్లో ఉండి చదివాడు. వాళ్ళ నాన్న ఈ ఊరికి ఒక్క కాని కట్టి ఎరగడు. వాడి పేరుకెదురుగా ఊరివాడనే రాశాను, అర్ధే తీసుకున్నాను. మనింట్లో తింటున్నాడు కదా అనుకున్నాను, తప్పని తోచనే లేదు. ఓరోజు వాణ్ణి తీసుకుని చేపలకెళ్ళాను. మరిడమ్మ తూస్తూ తూస్తూ, "మా వోడి క్లాసేనంటగా, ఏ ఊరు బాబూ?" అంది. వాడు మొగల్తూరన్నాడు. ఆవిడ నాకేసి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాన్రా. అరుస్తుందేమో అనుకున్నాను, అరిచినా బాగుండేది. గుప్పెడు రొయ్యలు కొసరేసి, "దూరం నుంచొచ్చిన పిల్లోడండి, కడుపునిండా పెట్టండి" అంది.

...

ఆ కాగితం అటు పెట్టు. మీ అమ్మ ఏం వండుతోందో కనుక్కో.