ఫ్లెక్సీ మీది పిల్ల

"నిషితా, పొద్దుగాల చౌరస్తాల కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నది గాజాల సచ్చిపోయిన పిల్ల కాదంట. మీ ఆమ్నా సొంత చెల్లెనంట."

పటాన్‌చెరులోని తన ఫ్లెక్సీల షాపు షట్టర్ సగం దించి, నర్సింగ్ మేనకోడలిని నిలదీశాడు. రుద్రారం హాస్టల్లో నిషిత గదిలోనే ఉండే సూడాన్ అమ్మాయి ఆమ్నా కాసేపటి కిందటే వచ్చింది. సూడాన్ యుద్ధంలో చనిపోయిన చెల్లెలి ఫొటో ఫోనులో చూపించి, గొంతు పెంచకుండా వెళ్లిపోయింది.

"నెట్ల దొరికి ఉంటది మామా. ఆడ అన్నీ కలిసిపోతయి."

"వాళ్లమ్మ పంపిన ఫొటోనంట. నెట్లకెట్ల పోతది? మన షాపుల ఫ్లెక్సీలు కొట్టే అజీజ్‌ను పనిలకెల్లి తీసేసిన."

"అజీజ్ అన్ననా? ఆయనేం చేసిండు?"

"నువ్వు రాత పంపినవ్. బొమ్మ వాడు పెట్టిండనుకున్న. గాజా అంటే వానికే ఎక్కువ మంట ఉంటది కదా."

"వానికే ఎందుకు?"

"పేరు చూసి అనుకున్న, ఇంకేంది. 'వచ్చిన ఫైలే కొట్టిన సేఠ్' అన్నడు. నేను వినలే."

"జెర ఆగాల్సింది మామా."

"మనిషి పోయిన ఫ్లెక్సీ అయితే పేరు రెండుసార్లు అడిగి కొడత నేను. ఇరవై ఏండ్ల సంది అదే పద్ధతి. ఈ పిల్లకు పేరే అడగలే. దేశం పేరుంది, చాలనుకున్న. నా తప్పూ ఉంది. ఇగ చెప్పు, ఫొటో ఎవరు పంపిన్రు?"

"మా కాలేజోళ్లం."

"కాలేజోళ్లంటే?"

"అందరం. గాజాల పిల్లలు సస్తలేరా మామా? అది అబద్ధమా?"

"అబద్ధమని ఎవడన్నడు? వాళ్ల పిల్లలు పోయిన్రు, వాళ్ల ఫొటోనే పెట్టాలె. ఈ పిల్లను తీస్కపోయి ఆడెందుకు పెట్టిన్రు?"

"సూడాన్ అంటే ఎవరూ రాలే. పోయిన నెల ర్యాలీ పెడితే నలుగురం. అండ్ల ఒకరు నేను, ఒకరు ఆమ్నా. 'ఆడ ఎవరు ఎవర్ని కొడుతున్నరు?' అని అడుగుడు, ఎవరి దారిన వాళ్లు పోవుడు. ఎవర్ని తిట్టాల్నో తెల్వకపోతే ఎవరూ ఆగరు మామా. గాజా అనంగనే రేపటి ర్యాలీకి రెండు బస్సులు నిండినయి."

"నిషితా."

"అజీజ్ అన్నకు ఫోన్ చెయ్యి. రమ్మను."

"వచ్చినంక వానికేం చెప్పాలె?"

"నేనే మార్చిన అని చెప్పు. ఫ్లెక్సీకని చెల్లె ఫొటో కింద ఆమ్నా రాసిచ్చిన 'సూడాన్' తీసేసి, గాజా అని నేనే రాసిన. ఆ ఫొటో ఏడాది సంది మా రూముల గోడకు ఉంది మామా. దాని ముందట్నే కూసోని రోజూ తిన్న, చదివిన, ఒక్కసారన్నా ఏడ్వలే. గాజా అని రాసి చూసుకున్నంక ఏడ్చిన."