బసూన్ మాస్టారి వంతు

ఆపమ్మా, ఆపేయ్ ఆ రికార్డింగు! మొదటినుంచీ చెవులప్పగించి వింటూనే ఉన్నాను. అందరూ ఉన్నారందులో, మా ఆయన తప్ప. పైగా 'మీ కోసమే వెతికి తెచ్చానండీ, మాస్టారి ఆఖరి కచేరీ' అంటావు!

ఏంటీ, అందరి స్వరాల అడుగున ఉన్నారా? ఎవర్నడిగినా అదే మాట. అడుగున ఉండి అందర్నీ మోశారట! మోసినాయన పేరు ఒక్కడైనా ఎత్తాడా? ఆయన పోయినప్పుడు పేపర్లో వేసిన ఫొటో చూడు. ఫ్లూటు ఆవిడ తల వెనకాల ఆయన ఊదే బసూన్ మూతి ఒక్కటే కనిపిస్తోంది. నిలువెత్తు గొట్టం కాబట్టి అదైనా పడింది. మనిషేడీ?

పగలంతా బళ్ళో ఎవరెవరి పిల్లలకో ఫ్లూటు నేర్పేవారు. బసూన్ నేర్చుకుంటానని వచ్చినదానివి నువ్వొక్కదానివే కదా మరి! సాయంత్రం ఇంటికొచ్చి, ఊదే రెల్లు పీకలు నా టీ గ్లాసులో నానేసి (నా గ్లాసే కావాలి మహానుభావుడికి!) ఇదిగో, ఈ కుర్చీలోనే మొదలెట్టేవారు. బొం... బొం... బొబ్బొం. అంతే, తర్వాత చప్పుడుండదు. తన వంతు వచ్చేదాకా కాలి బొటనవేలు ఆడిస్తూ లెక్కపెట్టుకుంటారు. ఆ సందులో నేను కుళాయి తిప్పి గిన్నెలు కడుక్కునేదాన్ని. వేలు ఆగేసరికి కట్టేసేదాన్ని. మళ్ళీ బొం. ఇదీ మా కాపురం.

నవ్వకమ్మా, నాకు ఒళ్ళు మండుతోంది. ఒక్కసారి, ఈ పాటకే, ముస్తాబై కచేరీకి వెళ్ళాను. వయొలిన్లూ బాకాలూ ఒకటే హోరు. ఇదేం పాట, ఇంట్లో వాయించేది ఇది కాదే అనుకున్నాను. పక్క సీటావిడని అడిగితే ఇదేనంది. నాకు తెలిసిన పాట అందులో ఎక్కడా లేదు.

సరే, నువ్వొచ్చింది దేనికో నాకు తెలియదనుకున్నావా? కచేరీ బృందంలో ఆయన కుర్చీ నీకొచ్చింది, ఇప్పుడు ఆయన బసూన్ కూడా కావాలి. ఇవ్వకూడదనే అనుకున్నాను. ఇచ్చేస్తే ఆయనంటూ ఇంట్లో ఇంకేం మిగులుతుంది నాకు?

పోనీ, ఒక పని చెయ్. రికార్డింగు మళ్ళీ పెట్టి, దాంతోపాటు ఆయన వంతు నువ్వు ఆయన బసూన్ మీదే వాయించు. ఆయన వినపడితే పట్టుకుపో. లేదంటే, మళ్ళీ దాని పెట్టెలో పెట్టేసి వెళ్ళు.

ఊఁ... కానీ.

ఆఁ, అదే! అదేనమ్మా! ఉండు, ఇప్పుడు ఖాళీ వస్తుంది... వచ్చింది చూశావా! ఇక్కడే నా కుళాయి. ఇప్పుడు మళ్ళీ... బొం! అయ్యో, ఉన్నారే! అన్నాళ్ళూ ఇందులోనే ఉన్నారే!

నా మొహంలోకి చూడకు. వాయించు, పూర్తిగా వాయించు.

పట్టుకుపో తల్లీ, అన్నాక మాటంటే మాటే. నిన్ను మాత్రం ఎవరు వింటార్లే! టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న ఒక్కడికీ ఆయన వినపడలేదు. వంటింటి తలుపేసుకున్నా నాకు వినపడ్డారు.

ఇక నాకేం, హాయి! గిన్నెలు ఎప్పుడు పడితే అప్పుడు కడుక్కోవచ్చు. ఎవరికోసం కట్టెయ్యాలి కుళాయి?