ఎడమ వైపు గాలి

"కంగారు పడకక్కా. కొత్త రబ్బరు కదా, కాస్త సర్దుకోవాలి. మనం ఒక టీ తాగేలోపు బండి దానంతటదే సాపుగా నిలబడుతుంది," అంటూ టీకొట్టు ముందున్న పొడుగు బల్ల మీద కూర్చున్నాడు పాయింటు.

అతని మెకానిక్ షెడ్డు ఆ టీకొట్టు పక్కనే. పెట్టి ఇంకా ఏడాది కాలేదు. ఏం అడిగినా గాలి గేజు చూసి చెప్పినట్టు ఇన్ని పాయింట్లు, అన్ని పాయింట్లు అంటాడు కాబట్టి వీధి వీధంతా అతన్ని పాయింటు అనే పిలుస్తుంది. బల్లకి ఎదురుగా గుడ్లక్క పికప్ బండి నిలబడి ఉంది. దాని వెనక చక్రాల దగ్గరున్న పాత షాకబ్జార్బర్లు తీసేసి, పొద్దున్నుంచి కూర్చుని గాలి నింపే కొత్త షాకులు బిగించాడు. వాటిలో గాలి కొడితే బండి వెనక భాగం లేస్తుంది, తీస్తే దిగుతుంది. ఏ వైపుకి ఆ వైపే కొట్టుకునేలా వెనక బంపరు కింద ఎడమన ఒక వాల్వు, కుడిన ఒక వాల్వు పెట్టి, వాటి నుంచి షాకులకి గాలి పైపులు లాగాడు. అంతా బాగానే ఉంది గాని, బండి కుడి పక్కకి ఒరిగింది. ఒరిగింది కదా అని కుడి వాల్వులో గాలి కొట్టాడు. ఇంకాస్త ఒరిగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఒరిగింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి టీ.

గుడ్లక్క కూర్చోలేదు. మధ్యాహ్నానికల్లా బేకరీలో గుడ్లు దించాలి. కిందటి రెండు లోడ్లలో ట్రేలకు ట్రేలే చిట్లిపోయాయి. మూడోసారి కూడా అలాగే వస్తే వేరే వాళ్లని చూసుకుంటానని బేకరీ ఆయన మొహం మీదే చెప్పాడు. ఆమె అమ్మే గుడ్లలో సగానికి పైగా కొనేది ఆ బేకరీయే.

"తమ్ముడూ, ఒక్క ముక్క చెప్పు. ఈ బండిలో ఇవాళ గుడ్లు ఎక్కించొచ్చా, వద్దా?"

"అక్కా, దానికి జవాబు కావాలంటే ముందు మా పెద్దమామ బండి సంగతి చెప్పాలి."

"నేనడిగింది నా బండి గురించి."

"రెండూ ఒకటే అక్కా. ఆ బండి సంగతి తెలిస్తే ఈ బండి గురించి నువ్వు అడగనే అడగవు."

టీ బాబాయి పొయ్యి మంట తగ్గించాడు. "మొదలైంది," అన్నాడు. పక్క కొట్టు టైలరు మెడలో టేపు అలాగే వేలాడేసుకుని వచ్చి బల్ల చివర సర్దుకున్నాడు.

"మా పెద్దమామది బీరువాలు మోసే బండి. ఎక్కడ చిన్న గుంట వచ్చినా వెనక భాగం ఎగిరెగిరి పడేది. మామా, గాలి షాకులు వేద్దాం అన్నాను. నీకేం తెలుసురా అన్నాడు. నిజమే, నాకెవరూ నేర్పలేదు, ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను, మనసులో లెక్క వేసుకున్నాను, స్పానరు పట్టుకుని కిందకి దూరాను. జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు విప్పి, పాత బోల్టులు తుప్పు పట్టి మొండికేస్తే నూనె పోసి, సుత్తితో నాలుగు తగిలించి ఊడదీశాను. కొత్తవి ఎక్కించాను. గాలి పైపులు సైలెన్సరుకి తగిలితే కరిగిపోతాయి కాబట్టి దూరంగా తిప్పి తెచ్చాను. సబ్బునీళ్లు పోసి చూశాను, ఒక్క బుడగ రాలేదు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నేనేం గొప్పలు చెప్పుకోను."

"నీకెందుకులే ఆ అలవాటు," అన్నాడు టైలరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇరవై పాయింట్లు కొట్టాను. అంతకు తగ్గితే షాకులోని రబ్బరు మడతపడి నలిగిపోతుంది, ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. కొట్టానో లేదో బండి వెనక ముద్దుగా లేచింది. బానెట్ మీద నిండు టీ గ్లాసు పెట్టి, వీధి చివరిదాకా నడిపి వెనక్కి తెచ్చాను. ఒక్క చుక్క తొణకలేదు."

"అంచుదాకా పోసిన గ్లాసా?" అన్నాడు టీ బాబాయి.

"అంచుదాకా."

"ఏ కొట్టురా అది? నేనే వెళ్లి అక్కడ తాగుతా."

"నువ్వు ఆగు బాబాయ్, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. చూస్తే ఎడమ పక్క రెండు వేళ్ల మందం కిందకి ఉంది. సరే కదా అని ఎడమ వైపు గాలి కొట్టాను. కొడితే ఏమవ్వాలి?"

"ఎడమ లేవాలి," అన్నాడు టైలరు.

"దిగింది."

"గాలి కొడితే దిగిందా?"

"అదే మరి. మామూలు గాలి అయితే లేపుతుంది. నాణ్యమైన గాలి ముందు బరువెక్కుతుంది, ఆ తర్వాతే పని మొదలుపెడుతుంది."

టైలరు టేపు చివర పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అసలు ఎవరి ఎడమ? బండి ఎడమా, నీ ఎడమా? నా ముందు నిలబడి కొలతలిచ్చేవాడి ఎడమ చెయ్యి నాకు కుడి వైపు వస్తుంది. అది మరిచిపోయి ఒకసారి ఒకాయనకి జేబు అటుది ఇటు కుట్టాను."

"ఎడమ అంటే ఎడమే మాస్టారూ. అందులో ఎవరిదీ ఉండదు. నలభై కొట్టాను, ఇంకా దిగింది. అరవై కొట్టాను, ఎనభై కొట్టాను, నా పట్టుదల మీకు తెలుసు కదా, నూటికి వచ్చేసరికి కుడి పక్క చక్రాలు రెండూ నేల వదిలేశాయి."

"నువ్వు కొట్టింది ఎడమకి కదరా," అన్నాడు టీ బాబాయి.

"ఎడమకే."

"మరి కుడి ఎందుకు లేచింది?"

"త్రాసు చూశావా బాబాయ్? ఒక పక్క బరువేస్తే రెండో పక్క లేవదూ? గాలి బరువెక్కిందని ముందే చెప్పాను, నువ్వు వినలేదు."

టీ బాబాయి వడగట్టే గుడ్డ చేతిలో పట్టుకుని ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి చూశాడు. విన్నాడో లేదో అతనికే అనుమానం వచ్చినట్టుంది. గుడ్లక్క మాత్రం వీళ్లని చూడటం లేదు. తన బండి బంపరు వైపే చూస్తోంది.

"స్టీరింగు దగ్గర మా పెద్దమామ. 'ఒరేయ్, నాకు రోడ్డు గోడకి చేరేసినట్టు కనిపిస్తోందిరా' అన్నాడు. 'తల కాస్త పక్కకి వాల్చు మామా, సరిగ్గా కనిపిస్తుంది' అన్నాను. వాల్చాడు, కనిపించింది. అలా రెండు చక్రాల మీదే ఒక సందులోకి పోనిచ్చాం. స్కూటరు తిప్పలేని సందు అది. లెక్క చూడండి. బండి వెడల్పు అయిదున్నర అడుగులు. రెండు చక్రాల మీదే ఉన్నాం కాబట్టి అందులో సగం, రెండుముప్పావు అడుగులు. సందు మూడడుగులు. ఇంకా మూడంగుళాలు మిగిలింది."

"సగం చక్రాల మీద ఉంటే వెడల్పు సగం అయిపోతుందా?"

"అవ్వకపోతే సందులో ఎలా పట్టింది మాస్టారూ?"

టైలరు టేపు మీద మూడడుగుల గుర్తు వెతుక్కున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సందు దాటగానే బళ్లు తూచే వేబ్రిడ్జి. మా బండి ఖాళీగా పదహారు వందల కిలోలు. ఆరు బీరువాలు, ఒక్కోటి అరవై, మూడు వందల అరవై. మొత్తం పంతొమ్మిది వందల అరవై రావాలి. ఎంత వచ్చిందో చెప్పండి. తొమ్మిది వందల ఎనభై. సరిగ్గా సగం. అప్పుడు నాకు తట్టింది. ఒక పక్క గాలి కొడితేనే సగం బరువు పోయింది, మరి రెండో పక్క కూడా కొడితే?"

"ఉన్న సగమూ పోతుంది," అన్నాడు టీ బాబాయి, తను ఎందుకు అన్నాడో తెలియనట్టుగా.

"పోయింది. సున్నా చూపించింది. నేను ఊరుకోలేదు, రెండు పక్కలా నూట యాభైకి తీసుకెళ్లాను. పాయింటుకి అంగుళం చొప్పున బండి లేస్తుంది, అంటే నూట యాభై అంగుళాలు, పన్నెండున్నర అడుగులు. ఎడమ పన్నెండున్నర, కుడి పన్నెండున్నర, రెండూ కలిపితే ఇరవై అయిదు అడుగుల ఎత్తు."

"ఆగు ఆగు," అన్నాడు టైలరు. టేపు తీసి తన కాలి మీద పెట్టాడు. "నా ఎడమ కాలు నలభై అంగుళాలు. కుడి కాలూ నలభయ్యే. అయితే నా నడుము నేల నుంచి ఎనభై అంగుళాల ఎత్తులో ఉందా?"

"మీరు మనిషి మాస్టారూ. బండి లెక్క వేరు. వేబ్రిడ్జి ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, 'కాస్త దిగండి బాబూ, తూకం మైనస్‌లోకి పోతోంది' అని బతిమాలాడు. మైనస్ పన్నెండు కిలోలు. ఎందుకో తెలుసా? బండి తన బరువు అయిపోయాక, వేబ్రిడ్జిని కూడా పైకి లాగడం మొదలెట్టింది."

"బీరువాలు ఏమయ్యాయి?"

"దేనికది తలుపులు తెరుచుకుని రెక్కల్లా ఆడిస్తూ వచ్చాయి. లేకపోతే మలుపులు ఎలా తిప్పుతాం? బీరువా కొన్నావిడది రెండో అంతస్తు. మెట్లతో పనేముంది, బాల్కనీ పక్కనే బండి ఆపి నేరుగా పడగ్గదిలోకి తోసేశాం. ఆవిడ ఏం ఆశ్చర్యపోలేదు. 'చెప్పులు బయట విప్పి రండి' అంది. బయట అంటే గాలే. గాల్లోనే విప్పాం. ఇక దిగడానికి పదేసి పాయింట్ల చొప్పున గాలి వదులుతూ వచ్చాను, ఆ గాలికి కింద వీధిలో ఆరేసిన బట్టలన్నీ ఒక్క పూటలో ఆరిపోయాయి. మేం దిగాక కూడా చాలాసేపు మా నీడ పైనే ఉండిపోయింది. అదక్కా సంగతి. నీ బండికి పడ్డవి కూడా సరిగ్గా అవే షాకులు. ఇప్పుడు చెప్పు, గుడ్ల గురించి బెంగ పెట్టుకోవాలా?"

టీ బాబాయి, టైలరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది గాని, ఇన్ని తేడాల్లో ముందు దేన్ని పట్టుకోవాలో తెలియలేదు.

గుడ్లక్క బల్ల దగ్గరికి వచ్చింది.

"మీ మామ బండికి ఎడమ వైపు గాలి కొడితే ఎడమ దిగింది. నిజమేనా?"

"నిజం అక్కా."

"బీరువాలు, బాల్కనీ, నీడ, అవన్నీ పక్కన పెట్టు. ఇది ఒక్కటీ నిజమేనా?"

పాయింటు ఒక్క క్షణం తడబడ్డాడు. "అది మాత్రం ఒట్టు అక్కా. నా కళ్లతో చూశాను. ఎందుకలా అయిందో ఇప్పటికీ..." అని ఆగి, "నాణ్యమైన గాలి," అన్నాడు.

"నా బండికి కుడి కొడితే కుడి దిగింది."

"అదీ నాణ్యమైనదే."

"పైపులు షాకులకి బిగించేటప్పుడు కిందకి ఎటు నుంచి దూరావు?"

"వెనక నుంచి. తల లోపల, కాళ్లు బయట."

"వెల్లకిలానా?"

"బోర్లా పడుకుని పైకి ఎవరు బిగిస్తారక్కా."

"మాస్టారూ, కాస్త లేవండి. తమ్ముడూ, నువ్వు ఈ బల్ల మీద పడుకో. అచ్చంగా అలాగే. తల నా బండి ముందు వైపుకి ఉండాలి."

బల్ల బండికి సమాంతరంగానే ఉంది. పాయింటు ఒకసారి ముగ్గురినీ చూసి, వెల్లకిలా పడుకున్నాడు. టీ బాబాయి గ్లాసులు పక్కకి జరిపాడు.

"ఎడమ వైపు పైపు ఏ చేత్తో బిగించావు?"

"ఎడమ చేత్తో."

"అయితే ఎడమ చెయ్యి చాపు."

చాపాడు. ముగ్గురూ ఆ చెయ్యి వైపు చూశారు, ఆ తర్వాత బండి వైపు, ఆ తర్వాత మళ్లీ చెయ్యి వైపు.

"అది బండికి ఏ పక్క?" అంది గుడ్లక్క.

"కుడి," అన్నాడు టైలరు, నెమ్మదిగా. "జేబు అటుది ఇటు కుట్టేశాడు."

పాయింటు చెయ్యి దించలేదు. రెండో చెయ్యి కూడా చాపి, ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు. "వాల్వులు పెట్టినప్పుడు వెనక నిలబడ్డాను," అన్నాడు ఆకాశంతో చెబుతున్నట్టు. "అప్పుడు ఎడమ, ఎడమే. కిందకి వెళ్లి పడుకున్నాక..." మళ్లీ చేతుల వైపు చూశాడు. నూట యాభై అంగుళాలని చిటికెలో అడుగులు చేసినవాడికి ఈ రెండు చేతుల లెక్క తెగడం లేదు.

గుడ్లక్క ఆగలేదు. బంపరు దగ్గర కూర్చుని కుడి వాల్వు నొక్కింది. బుస్సుమని గాలి పోయింది. బండి ఎడమ పక్క దిగడం మొదలెట్టింది. కుడి పక్క ఏం కదల్లేదు.

"మెల్లగా అక్కా, గేజు పెట్టి చూస్తూ తియ్యి," అని బల్ల మీంచే చెప్పాడు పాయింటు. ఆ మాట మాత్రం మామూలు గొంతుతోనే వచ్చింది.

ఆమె గేజు చూసుకుంటూ తీసింది. ఆ తర్వాత పంపు తెచ్చి ఎడమ వాల్వుకి తగిలించి నాలుగు దెబ్బలు కొట్టింది. బండి కుడి పక్క లేచి, ఎడమతో సమానమై ఆగింది. టైలరు వెళ్లి రెండు పక్కలా నేల నుంచి బంపరు దాకా టేపు పెట్టి చూశాడు. కొలత రెండు పక్కలా ఒకటే.

"లే తమ్ముడూ," అంది గుడ్లక్క. "ట్రేలు ఎక్కించాక బరువుకి తగ్గట్టు గాలి మళ్లీ చూడాలి కదా, పద. ఎడమ అంటే కుడి, కుడి అంటే ఎడమ, ఇవాళ్టికి అలాగే నడిపిద్దాం. తిరిగొచ్చాక పైపులు అటుది ఇటు మారుద్దువుగాని. బేకరీ దాకా వెనక ట్రేల పక్కన నువ్వే కూర్చుంటావు. చిట్లాయంటే ఈ నాణ్యమైన గాలి సంగతి బేకరీ ఆయనకి నీ నోటితోనే చెప్పాలి."

పాయింటు లేచి, చొక్కా దులుపుకుని, బండి వెనక ఎక్కాడు. ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు పెట్టాలా అని ఒకసారి ఆగాడు.

బండి కదిలింది. వీధి చివర స్పీడ్ బ్రేకరు మీద రెండు పక్కలా ఒక్కలాగే లేచి, ఒక్కలాగే దిగింది. గుడ్లక్క వేగం తగ్గించకుండా మలుపు తిప్పబోతుంటే టీ బాబాయి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేక వేశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, దారిలో మీ పెద్దమామకి ఒక ఫోను కొట్టు. పాపం, ఇంకా ఎడమ వైపే గాలి కొట్టుకుంటూ ఉంటాడు."