మా అత్త పేరు మీద ఒక మునక

గ్రీకంట! మీ యమ్మ ఈ సమాధుల తోటలో నీ పక్కన పండుకోవల్లంటే గ్రీకు రావల్లంట! వింటాండావా?

నీకేం, నాలుగేండ్లుగా ఈడ సుమ్నే, ఊరికే పండుకున్యావు. తిరిగేది నేను కదా.

చర్చికి కొత్త పాస్టరు వచ్చినాడు. బెంగళూరులో మూడు నెల్లు చదివినాడంట. రాంగానే ఒక గ్రీకు క్రియాపదం పట్టుకున్యాడు. 'బాప్తిజో'. మనం బాప్తిస్మం అంటామే, దాని పుట్టుక అదంట. దానికీ వేరు 'బాప్తో' అంట, ముంచేది. రంగులో గుడ్డ ముంచేదానికీ అదేనంట. ఆదివారం గంటసేపు ఇదే పాఠం. చిలకరిస్తే చెల్లదు, నిండా మునిగినోళ్ళకే ఈ తోటలో చోటు అని తేల్చినాడు.

మీ యమ్మకు పెండ్లప్పుడు తలమీద చల్లింది మూడు చుక్కలు. ఇప్పుడు ఎనభై రెండేండ్లు, రొమ్ములో నెమ్ము. చన్నీళ్ళు తగిలితే నాది పూచీ కాదన్యాడు డాక్టరు. ఆమెకుండేది ఒకటే ఆశ, కొడుకు పక్కన పండుకోవల్లని. ఉండేది ఒక్క చోటు. నాకని పెట్టుకున్నది. సరే, ఆమెకే ఇస్తి.

పాస్టరు దగ్గరికి పోతి. "సార్, ఇరవై ఏండ్లుగా జీన్స్ యూనిట్లో సూపర్‌వైజర్ని. ముంచేది నాకు చెప్తారా? ఒక్క మునకతో ఏ గుడ్డకూ రంగు పట్టదంటాడు మా రంగుల గాళెప్ప. ఎనిమిది మునకలు కావల్ల. మా అత్తను ఎన్నిసార్లు ముంచుతారు?"

"మునిగిపోయిన పడవకు గూడా గ్రీకులు ఇదే మాట వాడినారమ్మా" అన్యాడు, మీసం సవరించుకుంటా.

"మునిగిన పడవ పైకి రాదు కదా సార్! మా అత్తను ఎవరు తీస్తారు?"

నవ్వలేదప్పా! ఏ సంఘంలోనైనా సరే, మునిగినట్టు కాగితం తెమ్మన్యాడు.

నీ సంగతా? నీకూ చిలకరించిందే. అది గుర్తుచేస్తే తవ్వి తీసి ముంచుతాడేమోనని నోరు మూసుకున్యా.

తోరణగల్లు బస్సెక్కితి. ఆడ రేకుల షెడ్డులో చిన్న సంఘం, ఒక సిమెంటు తొట్టి. ముంచకుండా ఉత్త కాగితం ఇస్తారేమో అడుగుదామనే పోయింటి. పేరేందమ్మా అన్యారు. యల్లమ్మ అంటి, మీ యమ్మ పేరే. తెల్లచీర చేతిలో పెట్టినారు. వయసు అడగనే లేదు.

ఏంది అట్ల చూస్తాండావు? నేనే మునిగితి.

కాగితం చూసి మన పాస్టరు రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పినాడు. యల్లమ్మ అని పుస్తకంలో ఎక్కించినాడు. మీ యమ్మకు చెప్తే కండ్లు మూసుకుని నవ్వింది. పుస్తకం ప్రకారం నేనింకా పొడిగానే ఉండా. నన్ను యాడ పెడతారో, పెట్టేటోళ్ళు చూసుకుంటారులే.

తప్పంటావా? అనుకో. నిజం చెప్తా, ఇను. మీ యమ్మ కోసం మునిగితి గానీ, నీళ్ళ కింద ఆమె గుర్తుకు రాలేదు. నువ్వూ రాలేదు. ఒక్క సద్దు లేదు. ఎవరికీ ఏమీ జవాబు చెప్పే పని లేదు. నన్ను ముంచిన పెద్దాయన రెక్క పట్టి పైకి లాగుతాంటే, ఇంకొంచెంసేపు ఉండనీప్పా అనుకున్యా.